డబ్బులు పడ్డాయి, రైతు లేచాడా?

మీట నొక్కారు. చప్పట్లు మోగాయి. వేదిక మీద మనిషెత్తు చెక్కు. దాన్ని పట్టుకోవడానికి ఏరి తెచ్చిన ఒక రైతు. మెడలో ఆకుపచ్చ కండువా, అదీ ఆ పూటకే. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ఇటు శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఫోన్లు టింగుమన్నాయి. అన్నీ కాదు, కొన్ని. మిగిలినవి కిక్కురుమనలేదు.

ఇక ఊరంతా ఒకటే పలకరింపు. "పడ్డాయేటి?" ఒకప్పుడు ఇలా వాన గురించి అడిగేవారు. చెరువుగట్టు మీద నిలబడి, మబ్బుకేసి చూసి, "అటేపు పడిందేటి?" అని. ఇప్పుడు పైకి చూసే పని లేదు. ఫోనుకేసి చూస్తే చాలు. మెడనొప్పి ఎటూ తప్పలేదు, మెడ వంచే దిక్కు మారిందంతే.

రైతు బతుకు మారిపోయిందట. పేజీలకు పేజీలు ప్రకటనలు వేసి మరీ చెబుతున్నారు. కాదని ఎవరన్నారు? మారింది. ఇదివరకు ఉభాల రోజుల్లో మడిలో ఉండేవాడు, ఇప్పుడు ఈకేవైసీ వరసలో ఉంటున్నాడు. నాట్లు వేసి, కోతలు కోసి, గట్లు చెక్కి వేళ్ళు అరిగిపోయాయి. ఆ అరిగిన వేలిముద్ర యంత్రానికి ఆనదు. కష్టపడేవాడికి డబ్బివ్వడానికి, కష్టపడ్డ వేలిని గుర్తుపట్టలేని యంత్రాన్ని పెట్టారు. ఎవరి బుర్రో గానీ దండం పెట్టాలి.

ముందు లెక్క తేలుద్దాం. అన్నదాత సుఖీభవ కింద రైతుకి ఏడాదికి 20 వేలు. వినడానికి గట్టి అంకే. 365తో భాగించండి. రోజుకి 55 రూపాయలు కూడా రావు. అందులో కేంద్రం వాటా 6 వేలు. అంటే రోజుకి 16 రూపాయల 44 పైసలు. ఇంట్లో నలుగురుంటే తలకి 4 రూపాయల 11 పైసలు. నౌపడ జంక్షన్ బయట టీ కొట్టుకెళ్ళి ఆ 4 రూపాయల 11 పైసలకి ఒక టీ అడగండి. ఖాళీ గ్లాసు కడిగి చూపిస్తాడు.

పోనీ, ఆ 6 వేలైనా పెరిగిందా? పీఎం కిసాన్ పథకం పెట్టింది 2019లో. అప్పుడూ 6 వేలే, ఆ తర్వాత ఏళ్ళన్నీ 6 వేలే. డీజిలు పెరిగింది, కూలి పెరిగింది, ట్రాక్టరు దమ్ము ధర పెరిగింది. ప్రభుత్వమే చెప్పిన వరి మద్దతు ధర 2019-20లో క్వింటాకు 1,815 ఉంటే 2025-26 నాటికి 2,369 అయింది. అంటే సాగు ఖర్చు పెరిగిందని ఢిల్లీకి తెలుసు. తెలిసే 6 వేల దగ్గర గూటం పాతింది. పార్లమెంటు సభ్యుల జీతాలకు మాత్రం ఈ గూటం లేదు. ధరల సూచీ ఎక్కితే వాళ్ళ జీతమూ ఎక్కుతుంది, అలా చట్టమే రాసుకున్నారు. రైతుకి సూచీ వర్తించదా? వాడు తినే కూర వేరే దేశం నుంచి వస్తుందా?

ఆ పథకం పుట్టుక ఇంకా తమాషా. 2019 ఫిబ్రవరి 1న బడ్జెట్లో ప్రకటించారు. అమలు మాత్రం 2018 డిసెంబరు 1 నుంచట! పుట్టకముందే నడిచింది. ఎందుకంత తొందర? ఏప్రిల్లో ఎన్నికలు మరి. వంశధార కాలువ పూడిక తీయమంటే ఏళ్ళు పడుతుంది. ఓటు ముందు సొమ్ము వేయమంటే కాలమే వెనక్కి తిరుగుతుంది.

అదే ఫిబ్రవరిలో అమరావతి ఊరుకుందా? చంద్రబాబు ప్రభుత్వం 'అన్నదాత సుఖీభవ' అంది. కేంద్రం 6 వేలకు మేం 9 వేలు కలుపుతాం, 15 వేలు అంది. ఎన్నికలయ్యాయి. ప్రభుత్వం పోయింది, పథకమూ పోయింది. అంతకుముందు రుణమాఫీ అయిదు విడతలన్నారు. ఆ నాలుగో విడత, అయిదో విడత ఎక్కడున్నాయో ఎవరికైనా ఎదురుపడితే చెప్పండి, నౌపడ వాళ్ళు అడిగారని.

తర్వాత జగన్ వచ్చారు. రైతు కుటుంబానికి ఏటా 12,500 అన్నారు. జనం మా రాష్ట్రం ఇస్తుందనే అనుకున్నారు. 2019 అక్టోబరు 15న 'రైతు భరోసా' మొదలైంది. 13,500 అన్నారు. అబ్బో, చెప్పినదానికంటే వెయ్యి ఎక్కువ! విప్పి చూస్తే లోపల కేంద్రం 6 వేలు. రాష్ట్రం సొంతంగా ఇచ్చింది 7,500. పైగా చెప్పిన మాటకంటే ఎక్కువే ఇచ్చామని ఊరూరా చాటింపు.

2024లో మళ్ళీ చంద్రబాబు వచ్చారు. సూపర్ సిక్స్ అన్నారు. రైతుకి ఏటా 20 వేలు అన్నారు. సిక్సర్ కొడతారని జనం ఎగబడి చూశారు. మొదటి ఏడాది రాష్ట్రం వాటా రూపాయి పడలేదు. మొదటి ఓవరు మెయిడెను. రెండో ఏడాది, 2025 ఆగస్టు 2న, ప్రకాశం జిల్లా తూర్పు వీరాయపాలెంలో మొదటి విడత వదిలారు. 46 లక్షల మందికి పైగా, తలా 7 వేలు. విప్పి చూస్తే? రాష్ట్రం 5 వేలు, కేంద్రం 2 వేలు. ఏడాది మొత్తానికి రాష్ట్రం 14 వేలు, కేంద్రం 6 వేలు. పార్టీ మారింది, జెండా మారింది, కండువా మారింది. లెక్కల మేస్టారు మాత్రం బదిలీ కాలేదు.

ఆ బటన్ నొక్కుడేమిటి, అదీ ఒక పాలనేనా అని ఎగతాళి చేసినవాళ్ళే గద్దెనెక్కారు. ఎక్కి ఏం చేశారు? మరింత పెద్ద వేదిక కట్టి విడుదల చేశారు. డబ్బు ఎక్కడి నుంచో ఖాతాలో పడుతుంది కదా, దానికి సభ ఎందుకు? బస్సులెందుకు? జనాన్ని తోలడమెందుకు? ఉద్యోగి జీతం ఒకటో తారీఖున పడుతుంది, ఎవరూ మీట నొక్కరు, ఎవరూ దండ వేయరు. రైతు డబ్బుకే ఈ తిరునాళ్ళు. ఎందుకంటే జీతం హక్కు, ఇది వరం. వరమిచ్చే దేవుడు కనిపించకపోతే ఎలా?

దేవుడు కనిపించడంలో గత ప్రభుత్వాన్ని మించినవాళ్ళు లేరు. తాతముత్తాతలు చెమటోడ్చి సంపాదించిన భూమి. ఆ పాసుపుస్తకం మీద జగన్ గారి బొమ్మ. పొలం గట్టు మీద పాతిన సర్వే రాయి మీద కూడా ఆయన పేరే. దేవుడి మాన్యాలకు కూడా ఇంత గుర్తు ఉండదు. కొత్త ప్రభుత్వం వచ్చి బొమ్మ తీసి రాజముద్ర వేస్తామంది. మంచిదే. కానీ పుస్తకంలో తప్పులు దిద్దమంటే తిప్పించుకునేది పాత పద్ధతిలోనే కదా?

పేర్లు మార్చడంలో మనవాళ్ళది ఆరితేరిన చేయి. సుఖీభవ పోయి భరోసా. భరోసా పోయి మళ్ళీ సుఖీభవ. రైతు భరోసా కేంద్రం బోర్డు పీకి రైతు సేవా కేంద్రం. అటు తెలంగాణలో రైతు బంధు పోయి రైతు భరోసా. ఆంధ్రలో మునిగిన భరోసా తెలంగాణలో తేలింది! పెయింటరు బతుకు బాగుపడింది. అది మాత్రం ఒప్పుకోవాలి. రైతుకి నగదు అందించే పథకం వల్ల నికరంగా లాభపడ్డ వృత్తి ఏదంటే, బోర్డులు రాసేవాడిదే.

ఇంతకీ డబ్బు ఎవరికి పడుతోంది? అసలు గుట్టు ఇక్కడుంది. రైతుకా? కాదు. కాగితానికి. చేను దున్నేవాడు ఎవరని ఏ పథకమూ అడగదు. చేను ఎవరి పేరున ఉందని అడుగుతుంది. ఊళ్ళో భూమి ఉంది, సొంతదారు విశాఖలో ఉద్యోగం చేసి అక్కడే స్థిరపడ్డాడు. ఊళ్ళో దున్నేవాడు శిస్తు కట్టి చేస్తున్నాడు. ఫోను ఎక్కడ టింగుమంటుంది? విశాఖలో. మడిలో మోకాలి లోతు బురదలో ఉన్నవాడికి ఏం పడుతుంది? ఎండ పడుతుంది. వాన ఎక్కువైతే అదీ పడుతుంది.

పీఎం కిసాన్‌కి కౌలుదారు అనే జీవి ఉన్నాడని తెలియనే తెలియదు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరున ఉండాలట. ఆ తర్వాత కూలి డబ్బులు కూడబెట్టి అరెకరం కొనుక్కున్నాడు ఒకడు. వాడు రైతు కాడు. తండ్రి చనిపోయి వారసత్వంగా వచ్చిందా? అయితే రైతే. అంటే రెక్కల కష్టంతో రైతు కావడం కుదరదు. ఇంట్లో ఒక చావు జరగాలి. ఇంత కచ్చితమైన పథకం రాసిన అధికారికి ప్రమోషన్ వచ్చే ఉంటుంది.

రాష్ట్రం కౌలుదారుని గుర్తించిందా అంటే, గుర్తించింది. గుర్తింపు కార్డు ఇస్తామంది. 2011లో ఒక చట్టం తెచ్చారు, రుణ అర్హత కార్డులన్నారు. 2019లో దాన్ని తీసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పేరులోనే హక్కు ఉంది. ఇక భయమేముంది? ఉంది. పదకొండు నెలల ఆ కార్డుకి భూమి సొంతదారు సంతకం కావాలి. సొంతదారు పెడతాడా? రేపు పొలం వీడిదేనంటే ఏం చేయాలని వాడి భయం. "సంతకం అడిగావంటే పైసంవత్సరం చేను వేరేవాడికి ఇచ్చేస్తాను" అంటాడు. కౌలుదారు నోరు మూసుకుంటాడు. ఎదుటివాడి దయ ఉంటేనే చేతికొచ్చేది హక్కు ఎలా అవుతుందయ్యా?

పైగా అప్పట్లో కులం కూడా చూశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే భరోసా. మిగతా కులాల్లో గుంట భూమి లేని కౌలుదారుకి భరోసా లేదు. ఇప్పుడో? సొంతదారుకి 2025 ఆగస్టులో పడింది. కౌలుదారుకి "తర్వాత చూద్దాం". మన రాజకీయాల్లో ఈ 'తర్వాత' ఉందే, అది క్యాలెండర్లో ఏ నెలకీ తగలదు.

2018 అక్టోబరు 11న టిత్లీ తుపాను ఈ తీరాన్ని ఊడ్చిపెట్టింది. కొబ్బరి పడిపోయింది, జీడి పడిపోయింది, వరి నేలకు కరుచుకుంది. గాలికి వెబ్‌ల్యాండ్ భూమి రికార్డులు తెలియవు. ఇది సొంతదారు చేను, ఇది కౌలుదారు చేను అని చూసి కొట్టలేదు. ఆ పాటి సమానత్వం తుపానుకి ఉంది, జీవోకి లేదు.

సొంత భూమి ఉన్న చిన్న రైతు సంగతైనా సవ్యంగా ఉందా? భూమి తాత పేరున ఉంది. తండ్రులు నోటిమాటగా పంచుకున్నారు. మనవలు దున్నుకుంటున్నారు. రికార్డులో తాత ఇంకా బతికే ఉన్నాడు. సేవా కేంద్రంలో సంభాషణ ఎలా ఉంటుందో మీకు తెలియనిదా?

"బాబూ, నాకు పడలేదేటి?"

"తాతా, భూమి రికార్డులో నీ పేరు అప్పన్న. ఆధార్‌లో అప్పలనాయుడు."

"రెండూ నానే బాబూ."

"నువ్వు చెబితే ఎలా తాతా?"

"మరెవులు సెప్పాలి?"

"కంప్యూటర్ చెప్పాలి."

"దానికి నానెలా తెలుస్తాను బాబూ? ఎప్పుడైనా మా సేనుకొచ్చిందేటి?"

తెలంగాణ వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. మీ బంధువు మాత్రం తక్కువ తిన్నాడా? 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతు బంధు ఎకరాల లెక్కన పంచింది. పంటకి ఎకరాకు 4 వేలు, తర్వాత 5 వేలు, ఏడాదికి రెండుసార్లు. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 10 వేలు. 50 ఎకరాలు ఉన్నవాడికి 5 లక్షలు. కౌలుకి చేసేవాడికి సున్నా. అవసరం ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువ. గుట్టలకూ, రాళ్ళకూ, వెంచర్లకూ కూడా డబ్బు పడిందని తర్వాత వచ్చిన ప్రభుత్వమే చెప్పింది. సరే, ఆ తర్వాత వచ్చినవాళ్ళు? ఎకరాకు 15 వేలు అన్నారు. కౌలుదారుకీ ఇస్తామన్నారు. 2025 జనవరి 26న మొదలుపెట్టింది 12 వేలతో. 3 వేలు దారిలో జారిపోయాయి. కౌలుదారు అంతకుముందే జారిపోయాడు.

ఇప్పుడు వేళ గురించి మాట్లాడుకుందాం. డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది రైతుకి ముఖ్యం. నారు పోసేది జూన్‌లో, జులైలో. విత్తనం అప్పుడు కావాలి, దమ్ముకి అప్పుడు కావాలి, ఎరువు అప్పుడు కావాలి. చేతిలో లేకపోతే ఊళ్ళో షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ. 7 వేలకి నెలకు 210. ఆరు నెలలకి 1,260. ఆ 7 వేలు జూన్ ఒకటిన పడితే ఈ 1,260 మిగులుతుంది. ఆగస్టులో పడితే అప్పటికే వడ్డీ ఎక్కింది. సుఖీభవ రెండో విడత 2025 నవంబరు 19న, కడప జిల్లా పెండ్లిమర్రి సభలో వదిలారు. అప్పటికి ఇక్కడ కోతలు. పెట్టుబడి సాయమట! పంట చేతికొచ్చే వేళకి పెట్టుబడి ఇస్తే దాన్ని ఏమంటారో వాణిజ్య శాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి. సభకి ముఖ్యమంత్రి తేదీ దొరకాలి, ఢిల్లీ తేదీ దొరకాలి, రెండూ కలవాలి. చినుకు తేదీ ఎవరికి కావాలి?

డబ్బు చేతికొచ్చినా కొనడానికి సరుకుండాలి కదా? 2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం రైతులు తెల్లవారకుండానే వరస కట్టారు. చెప్పులు పెట్టి వంతు కాశారు. బస్తా ధర 270 రూపాయలు కూడా లేదు. డబ్బు జేబులో ఉంది, బస్తా గోదాములో లేదు. సుఖీభవ!

మరి పంట పండాక? ఒక చిన్న కూడిక వేద్దాం. రెండెకరాల రైతు 40 క్వింటాళ్ళు పండించాడనుకోండి. మా వైపు బస్తా 80 కిలోలది. అంటే 50 బస్తాలు. తేమ ఉందనీ, నూక పోతుందనీ మిల్లులో బస్తాకి రెండు కిలోల తరుగు తీశారనుకోండి. క్వింటా పోయింది. మద్దతు ధర ప్రకారం 2,369. మిగిలిన 39 క్వింటాళ్ళని, కళ్ళంలో వాన భయంతో, దళారికి క్వింటాకు 300 తక్కువకి అమ్మాడనుకోండి. 11,700 పోయింది. మొత్తం 14,069. ఏడాది పొడుగునా రాష్ట్రం ఇచ్చే సాయమెంత? 14,000. అంటే రైతే ఎదురు 69 రూపాయలు చదివించుకున్నాడు. దీనికి సభ పెట్టరేం? మనిషెత్తు చెక్కు రైతు చేత మంత్రిగారికి ఇప్పించరేం?

ఆవుని తోలుకుపోయినవాడు నాలుగు నెలలకోసారి చెంబెడు పాలు పంపిస్తే దాన్ని దానమంటామా? చెంబు మీద వాడి బొమ్మ కూడా ఉంటే?

ఇక్కడో పెద్దమనిషి లేస్తాడు. ఎప్పుడూ లేస్తాడు. "అసలు వాళ్ళకి డబ్బిస్తే తాగేస్తారండీ. సోమరులైపోతారండీ." ఏసీ గదిలో కూర్చుని, బ్యాంకు ఎగ్గొట్టినవాడితో భోజనం చేసి, త్రేన్చి మరీ చెబుతాడు. ఈయనకి రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి. మధ్యప్రదేశ్‌లో, ఇండోర్ వైపు పల్లెల్లో 'సేవా' సంఘం 2011, 12 ప్రాంతంలో ఒక ప్రయోగం చేసింది. పెద్దలకి నెలకి 200, తర్వాత 300. షరతుల్లేవు. ఏం చేశారు వాళ్ళు? విత్తనాలు కొన్నారు, మేకలు కొన్నారు, సొంత చేలో ఎక్కువ పని చేశారు. సోమరితనం కోసం వెతికినవాళ్ళకి పనే కనిపించింది. కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ ఒక్కో పేద కుటుంబానికి దాదాపు వెయ్యి డాలర్లు ఇచ్చింది. గడ్డి కప్పు తీసి రేకులు వేసుకున్నారు. ఇచ్చిన ప్రతి డాలరుకీ ఆ ప్రాంతంలో దాదాపు రెండున్నర డాలర్ల లావాదేవీ నడిచిందని ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. డబ్బు అందనివాళ్ళ కొట్లలో కూడా గిరాకీ పెరిగింది.

రెండు. తాగుడు గురించి బెంగపడే సర్కారు ఏం చేసింది? ఒకాయన దశలవారీ మద్యనిషేధం అని చెప్పి వచ్చి, సర్కారీ కొట్లలో తానే అమ్మాడు. ఇంకొకాయన వచ్చి 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు అన్నాడు. కుడిచేత్తో రోజుకి 55 ఇచ్చి, ఎడంచేత్తో 99ది చూపించి, "జాగ్రత్తగా వాడుకోండి" అని నీతి చెప్పేవాళ్ళని ఏమనాలి? మా ఊళ్ళో ఒక మాట ఉంది గానీ పత్రికలో అచ్చు కాదు.

కాబట్టి నగదు ఇవ్వడం తప్పని ఇక్కడెవరూ అనడం లేదు. దళారీ లేకుండా నేరుగా వచ్చే 7 వేలు రెండెకరాల ఇంట్లో చిన్నమాట కాదు. ఆ పూటకి షావుకారు గుమ్మం తొక్కక్కర్లేదు. పిల్ల హాస్టలు ఖర్చుకి చెవి కమ్మలు తాకట్టు పెట్టక్కర్లేదు. మందుల కొట్లో బాకీ తీరుతుంది. ఇది నిజం. డబ్బు మంచిదే. ఇచ్చే చేతులకే జబ్బు. కెన్యా గుడిసెకి పడ్డ డబ్బు మీద ఎవరి బొమ్మా లేదు. ఇండోర్ పల్లెలో ఎవరి సంతకమూ అడగలేదు. దున్నేవాడినీ కూలివాడినీ వేరుచేసి చూడలేదు.

నౌపడలో ఉప్పు కొఠార్లున్నాయి. ఎండకి కళ్ళు చెదిరే తెల్లటి మళ్ళు. అందులో కాళ్ళు పగిలి, కళ్ళు మండి కూలికి పనిచేసేవాళ్ళున్నారు. వాళ్ళకి పట్టాదారు పుస్తకం లేదు కాబట్టి ఏ మీటా వాళ్ళ కోసం నొక్కరు. వాళ్ళూ పండిస్తున్నారు కదా అంటే, అది పంట కాదట. సరే. ఎన్నికలొస్తే మాత్రం ఇదే ఊరికి వచ్చి, "మా ప్రభుత్వం ఉప్పు తిన్నారు, విశ్వాసం ఉండొద్దా?" అంటారు. నౌపడ వాడికా ఉప్పు కబుర్లు? తరతరాలుగా ఈ ఊరి ఉప్పు తిన్నది ఎవరు? మీ పప్పులో, మీ పచ్చట్లో, మీ విందు భోజనాల్లో పడింది ఎవరి చెమట? విశ్వాసం ఎవరు ఎవరికి చూపాలి?

'నేరుగా' అన్న మాట ఈ మండలానికి కొత్త కాదు. ఇదే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో తంపర భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులూ మత్స్యకారులూ అడ్డుపడ్డారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. మధ్యలో దళారీ లేకుండా, ఈకేవైసీ అడక్కుండా, పట్టా చూపించమనకుండా ఈ ప్రాంతపు రైతుకి సర్కారు నుంచి నేరుగా అందింది అప్పట్లో ఆ తూటా ఒక్కటే.

నీళ్ళు మాత్రం నేరుగా రావు. వంశధార ఎడమ కాలువ శివారు భూములు మావి. గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తారని పేపర్లో చదువుతాం. నీళ్ళు మాత్రం పైవాళ్ళ మళ్ళు దాటి దిగితే దిగినట్టు. వంశధార నీటి తగాదాకి ట్రిబ్యునల్ 2010లో వేశారు, 2017లో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీ ఇంకా కాగితం మీదే పారుతోంది. శివారు రైతుకి సకాలంలో ఒక తడి నీళ్ళిస్తే, ఏ విడతా అడగడు. కానీ కాలువ తవ్వితే ఎవరి ఫోనూ టింగుమనదు. పూడిక తీస్తే ధన్యవాద సభ పెట్టలేరు. నీటి మీద బొమ్మ అచ్చువేసే యంత్రం ఇంకా రాలేదు. వస్తే, మొదటి ఆర్డరు మనదే.

పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి చిన్న రైలు వేయించారు. రాజరికమే, ఓట్లు అక్కర్లేదు. అయినా దారి మిగిలింది. చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చింది, గుణుపూర్ దాకా ఇప్పటికీ నడుస్తోంది. ప్రజాస్వామ్యంలో మనకు మిగిలిందేమిటి? టింగు. మన కుర్రాళ్ళు ఆ స్టేషన్లోనే సంచి భుజాన వేసుకుని విజయవాడకో, హైదరాబాదుకో, చెన్నైకో ఎక్కుతున్నారు. తండ్రి ఖాతాలో సుఖీభవ. కొడుకు చేతిలో జనరల్ టిక్కెట్టు.

ఇంకో ముచ్చట. రాష్ట్ర వ్యవసాయ మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు టెక్కలి ఎమ్మెల్యే. నౌపడ ఆయన నియోజకవర్గంలోనే ఉంది. పరాయివాడు కాదు, ఏ చేలో ఎవరు దున్నుతున్నారో తెలియని ఊరూ కాదు. మరి సొంత ఊళ్ళ కౌలుదారుని రైతుగా చూడ్డానికి ఇంకెంత దగ్గరికి రావాలి?

అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. దున్నేవాడికి వేయండి, ఎవరి సంతకమూ లేకుండా. జూన్ ఒకటికి వేయండి, ఎవరి సభా లేకుండా. ధరలు పెరిగితే పెంచండి, మీ జీతాల్లాగే. కళ్ళంలో మద్దతు ధర ఇప్పించండి, ఆ తర్వాత సాయం గురించి మాట్లాడండి. శివారుకి నీళ్ళు దించండి. బొమ్మ వద్దు, పాట వద్దు, కండువా అసలే వద్దు.

కుదరదా? ఖజానా ఒప్పుకోదా? నిబంధనలు అడ్డొస్తాయా? అయితే ఒక పని చేయండి. నిబంధనలు అందరికీ ఒకటే పెట్టండి. ఈ ఏడాది నుంచి ఎమ్మెల్యేల జీతాలూ ఎంపీల భత్యాలూ మూడు విడతల్లో ఇద్దాం. విడతకో ఈకేవైసీ. వేలిముద్ర పడకపోతే వచ్చే విడతకి చూద్దాం. మీ పేరు ఆధార్‌లో ఒకలా, ఓటర్ల జాబితాలో ఒకలా ఉంటే తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళి బయట బల్ల మీద కూర్చోండి, పిలుస్తారు. జీతం కావాలంటే నియోజకవర్గంలో కౌలుదారు ఒకడి సంతకం తెండి, ఏడాదికోసారి. పదకొండు నెలలకే చెల్లుతుంది. పెడతాడో లేదో అతని ఇష్టం. నెల మొదట్లో కాదు, మా కోతలయ్యాక మాకు తీరికున్న రోజు చూసి మీట మేం నొక్కుతాం. తరుగు కింద నూటికి రెండున్నర తీసేస్తాం, తేమ ఎక్కువగా ఉందని.

చివరగా, ఆ జీతం చీటీ మీద రైతు ఫొటో వేయించండి. నవ్వుతున్న ఫొటో. అలాంటి రైతు కోసం మీరే తిరగండి, టెక్కలి నుంచి మొదలుపెట్టి. దొరికితే మాకూ చూపించండి.